అంకె ఇక్కడ, గొంతు అక్కడ

కలుంబాన్ కొండ మీద ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలక్కూడదు. మనిషి కళ్ళకి కనబడితే సరే. కనబడకుండా ఒట్టి గొంతే వస్తే మాత్రం నోరు మూసుకుని, చొక్కా విప్పి తిరగేసి తొడుక్కుని, వచ్చిన దారినే దిగిపోవాలి. చొక్కా తిరగేస్తే కొండవాళ్ళకి, అంటే అక్కడ మనకంటే ముందునుంచీ ఉన్నవాళ్ళకి, మనం వస్తున్నామో పోతున్నామో తెలియక వదిలేస్తారట. సాన్ ఇసిద్రోలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ మాట ఉగ్గుపాలతో పాటే పోస్తారు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ నవ్వేవాళ్ళు కూడా కొండెక్కేటప్పుడు గుండీల చొక్కానే వేసుకుంటారు, విప్పడానికి సుళువని.

రోసెండా పలకలేదు. రెండేళ్ళుగా ఆమెని లోలోపల తినేస్తున్నది అదే.

ఆమె అన్న క్రిసాంతో భూమి కొలతల ఆఫీసులో పనిచేసేవాడు. వారమంతా పాత పటాలు ముందేసుకుని పొలం గట్లు కొలవడం, సెలవొస్తే డబ్బాలాట. అడవిలో ఎక్కడో ఒక డబ్బా దాచి ఆ చోటు అంకెలు ఇంటర్నెట్లో పెడతారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు చేతిలో జీపీఎస్ పట్టుకుని, ఆ అంకెల వెంట పోయి, డబ్బా వెతికి పట్టుకుంటారు. అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, ఒక వస్తువు తీసుకుని ఒకటి పెట్టి, ఎక్కడిదక్కడ దాచేసి వస్తారు. జియోకాషింగ్ అంటారట దాన్ని.

"నలభయ్యేళ్ళ గాడిదవి, చెట్టుతొర్రల్లో టిఫిను డబ్బాలు దాచుకుంటావా? ఇందుకే నీకెవడూ పిల్లనివ్వలేదు" అని రోసెండా దెప్పేది.

"నువ్వు కుట్టే బడి యూనిఫారాలకంటే నా డబ్బాలే నయంలేవే కుటింగ్. నా కొలతలు తప్పవు" అనేవాడు.

కుటింగ్ అంటే పిల్లికూన. ఆ పేరుతో ఆమెని పిలిచేది లోకం మొత్తానికి అతనొక్కడే.

రెండేళ్ళ కిందట అక్టోబరులో ఒక కొత్త డబ్బా దాచి వస్తానని కలుంబాన్ ఎక్కాడు. సాయంత్రానికి ఆమె ఫోనుకి ఒక్క మెసేజీ వచ్చింది. 'జారాను. కాలు విరిగింది. ఇక్కడున్నా' అని, కింద రెండు వరసల అంకెలు. అంతే, ఆ తరవాత ఫోను మూగబోయింది. కొండదారులు తెలిసిన తాసియోని ముందుపెట్టుకుని పాతికమంది ఎక్కారు. రోసెండా కూడా ఎక్కింది. అంకెలు చెప్పిన చోట ఫెర్న్ మొక్కలు తప్ప ఏమీ లేదు. ఆ చుట్టుపక్కలంతా దువ్వెనతో దువ్వినట్టు వెతికారు.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ కలిసి అతని పేరు పెట్టి అరుస్తుంటే, కింద లోయలోంచి ఒక గొంతు పలికింది. "కుటింగ్! ఇక్కడ! దిగి రా!"

రోసెండా నోరు తెరవబోయింది. తాసియో అరచేయి అడ్డంపెట్టి మూశాడు. "పలక్కు తల్లీ, నీకు దణ్ణం పెడతా. వాడు పంపిన అంకె ఇక్కడ, గొంతు అక్కడ. ఇంకేం కావాలి నీకు? కొండవాళ్ళు ఇంటిపేర్లూ ముద్దుపేర్లూ అన్నీ ఎరుగుదురు" అన్నాడు. పాతికమందీ చొక్కాలు తిరగేశారు. ఆమె కూడా తిరగేసింది. తాను కుట్టిన చొక్కా కుట్లు తనకే బయటికి కనబడుతుండగా వెనక్కి చూడకుండా దిగిపోయింది. ఆ లోయవైపు ఎవరూ పోకుండా తాసియో ఎర్రగుడ్డ కట్టాడు. తరవాత వారం రోజులు కొండ మిగతా వైపులన్నీ వెతికి, చివరికి చేతులెత్తేశారు.

సమాధుల పండగకి ఊరంతా పూలూ కొవ్వొత్తులూ అరటాకులో ఉడికించిన సుమాన్ అన్నం పొట్లాలూ పట్టుకుని శ్మశానానికి పోతుంది. రోసెండాకి కొవ్వొత్తి వెలిగించడానికి ఒక రాయి లేదు. రెండు పండగలు అలాగే పోయాయి. మూడోది ముంచుకొస్తోంది. ఆ రోజు పిలిచింది అన్నా, కొండా? అది తేలాలి ఆమెకి. తేలకపోతే పిచ్చెక్కేలా ఉంది.

అందుకే మనీలా బస్సెక్కి, కియాపో సందుల్లో పాత కెమెరాలూ రేడియోలూ అమ్మే హెర్మో కొట్టు వెతుక్కుంటూ వచ్చింది.

హెర్మోకి డెబ్బై దాటాయి. నోట్లో పళ్ళకంటే కొట్లో గడియారాలెక్కువ. ఆమె చెప్పింది విని, గాజుబల్ల మీద మూడు జీపీఎస్‌లు వరసగా పెట్టాడు.

"ఫోనుంది కదమ్మాయ్, ఇదెందుకు?"

"ఫోను ఆ కొండ మీద మూడు గంటల్లో చచ్చిపోయింది తాతా. చెట్ల కిందకి పోతే చుక్క ఒకచోట నిలవదు, తాగినోడిలా తిరుగుతుంది."

"అద్గదీ. అడవెరిగిన మాట చెప్పావు." మొదటిదాన్ని వేలితో తట్టాడు. "ఇది చవక. తేలిక. నడుస్తున్నంతసేపూ దిక్కు చూపిస్తుంది. ఆగావో, దీనికి తలా తోకా తెలియదు. లోపల దిక్సూచి లేదు. డబ్బా దగ్గరికొచ్చాక నువ్వు నిలబడి వెతకాలి కదా, అప్పుడే చేతులెత్తేస్తుంది."

"వద్దు. మరి ఆ పెద్దది?"

"అది దొరసాని. రంగుల తెర, వేలితో ముట్టుకుంటే చాలు. కానీ చెయ్యి తడిసిందా, అలిగి కూర్చుంటుంది. బ్యాటరీ లోపలే అతుక్కుని ఉంటుంది, అయిపోతే కొండమీద కరెంటు స్తంభం వెతుక్కోవాలి. నీలాంటివాళ్ళకి అమ్మితే లాభం నాకు, శాపనార్థాలు కూడా నాకే." మధ్యలోదాన్ని ఆమె చేతిలో పెట్టాడు. పసుపు అంచులు గీసుకుపోయి ఉన్నాయి. "ఇది చూడు. మధ్యరకం. బొత్తాలు, కాబట్టి తడిచేత్తో నొక్కినా పలుకుతుంది. రెండు పెన్సిలు బ్యాటరీలు, ఏ కిరాణాకొట్లోనైనా దొరికేవి. దిక్సూచి ఉంది, ఎత్తు చెప్పేది ఉంది. రెండు మూడు దేశాల ఉపగ్రహాలని ఒకేసారి వింటుంది, అందుకని చెట్ల కింద కూడా కాస్త బుద్ధిగా ఉంటుంది. డబ్బాల వివరాలు, జాడలు అన్నీ ఇందులోకి ఎక్కించుకోవచ్చు. మరీ గొప్పదీ కాదు, మరీ తీసిపారేసేదీ కాదు. మా ఆవిడలాగ."

లోపలి గదిలోంచి ఆడగొంతు ఒకటి "వింటున్నా!" అంది.

రోసెండా నవ్వలేదు. "అబద్ధం చెప్పదు కదా?" అని అడిగింది.

హెర్మో కళ్ళజోడు పైకి తోసి ఆమె మొహంలోకి చూశాడు. నలభయ్యేళ్ళ బేరాల్లో ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. "యంత్రం అబద్ధం చెప్పదు తల్లీ. అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగడం తెలియాలి. ఇది సెకండ్‌హాండు. పటాలు గీసే ఒకాయన వాడి వాడి, కళ్ళు పోయాక తెచ్చి నాకిచ్చాడు. ఆయన దాచుకున్న చోట్లన్నీ చెరిపేశాను గానీ సెట్టింగులు ముట్టుకోలేదు. ఒక్క పావుగంట కూర్చో, కొత్తదానిలా మార్చి ఇస్తా."

"నాలుగింటి బస్సు పోతుంది తాతా. అంకెలు కొట్టడం నేర్పు చాలు."

నేర్పాడు. అన్న పంపిన అంకెలు చీటీ మీంచి చూసి ఆమే ఒక్కొక్కటీ కొట్టింది. ధర దగ్గర కూడా ఆయన పెద్దగా పేచీ పెట్టలేదు, పైగా నాలుగు బ్యాటరీలు ఊరికే ఇచ్చాడు. ఆ మొహం చూశాక ఎవడు మాత్రం బేరమాడతాడు!

సమాధుల పండగ పొద్దున్నే ఊరంతా శ్మశానం దారి పట్టింది. రోసెండా కొండ దారి పట్టింది. చంకలో సంచి, సంచిలో నీళ్ళు, పండెసాల్ రొట్టెలు, ఒక తెల్ల కొవ్వొత్తి. తాసియో గొణుక్కుంటూ వెంట వచ్చాడు.

"ఇవాళ కొండెక్కేవాళ్ళెవరైనా ఉంటారా? చచ్చినవాళ్ళంతా బయట తిరిగే రోజు. నీకు బుద్ధి లేదు, నీ వెంట వస్తున్నందుకు నాకు అసలే లేదు."

"రావద్దన్నాను కదా మామా."

"రాకపోతే? రేపు నీకోసం ఎక్కేదెవడు?" అన్నాడు తాసియో. ఆ రోజు అరచేయి అడ్డంపెట్టిన దగ్గర్నుంచీ అతనికీ నిద్ర సరిగ్గా లేదు. అది ఎవరికీ చెప్పలేదు, అంతే.

పదిన్నరకి పాత చోటికి చేరారు. తాసియో కట్టిన ఎర్రగుడ్డ వెలిసి గులాబీరంగుకి వచ్చింది. ఫెర్న్ మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి. "ఇదే. ఇక్కడే కదా నీ అంకె. చూశావుగా, ఇంక పద" అన్నాడు.

రోసెండా జీపీఎస్ చూసింది. సున్నా చూపించాల్సింది. రెండువందల పంతొమ్మిది మీటర్లు అని చూపిస్తోంది. బాణం ఎర్రగుడ్డ దాటి, ఆగ్నేయంగా, లోయలోకి.

"చెడిపోయింది" అన్నాడు తాసియో, చూడకుండానే.

ఆమె బ్యాటరీలు మార్చింది. హెర్మో నేర్పినట్టు దిక్సూచిని సరిచెయ్యడానికి దాన్ని చేతిలో పెట్టుకుని నిలబడ్డచోటే చుట్టూ తిరిగింది, పక్కకి తిప్పి ఒకసారి, నిలువుగా తిప్పి ఒకసారి. ఆ తిరగడం చూస్తుంటే తాసియోకి పూనకం వచ్చినదాన్ని చూసినట్టే ఉంది. శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆమె ఆగింది. బాణం రెండు క్షణాలు ఊగిసలాడి మళ్ళీ లోయవైపే నిలిచింది. రెండువందల పంతొమ్మిది.

అప్పుడు చూసుకుంది. కీచురాళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో తెలియదు.

"చొక్కా తిరగెయ్" అన్నాడు తాసియో. గొంతు తగ్గిపోయింది. "వాళ్ళే ఆడిస్తున్నారు దాన్ని. ఆ రోజు గొంతుతో పిలిచారు, ఇవాళ బాణంతో పిలుస్తున్నారు."

"సరే మామా. తిరగేస్తా. వాళ్ళ మాయే అయితే బాణం కూడా తిరగాలి కదా?"

చెట్టు చాటుకి పోయి చొక్కా తిరగేసి వచ్చింది. తాసియో అప్పటికే తిరగేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి కుట్లు ఒకరు చూసుకుంటూ నిలబడి, జీపీఎస్ మీదకి వంగారు. బాణం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"ఆ రోజు అంకె ఇక్కడ, గొంతు అక్కడ అన్నావు" అంది రోసెండా. "ఇప్పుడు అంకె కూడా అక్కడే ఉంది మామా."

ఆమె ఎర్రగుడ్డ కిందనుంచి దూరి దిగడం మొదలుపెట్టింది. నాలుగడుగులు పోయాక వెనకనుంచి అతని కత్తి చప్పుడు వినబడింది. తిట్టుకుంటూ పేముతీగలు నరుక్కుంటూ వస్తున్నాడు. ఆ తిట్లు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

నూటయాభై. వేళ్ళు పట్టుకుని, పిర్రల మీద జారి, ముళ్ళు గీసుకుని దిగారు. తొంభై. అక్కడ తాసియో చెయ్యెత్తి ఆగమన్నాడు. పైన, తాము వదిలి వచ్చిన చోట, మనుషులు నడుస్తున్న చప్పుడు. ఒకరిద్దరు కాదు. ఆకులు తొక్కుతున్నారు, కొమ్మలు పక్కకి తోస్తున్నారు. వీళ్ళు ఊపిరి బిగబట్టి వింటుంటే ఆ చప్పుడూ ఆగింది.

"పైకి చూడకు" అన్నాడు తాసియో.

"ఇవాళ ఇంకెవరైనా ఎక్కారా?"

"ఊరంతా శ్మశానంలో ఉంది. ఎవరెక్కుతారు?"

నలభై. పదిహేను. ఆరు. ఒక పెద్ద బండ, దాని కింద గొడుగులా వంగిన చోటు. ముందు ఆమెకి నీలం కనబడింది. వానకోటు. రంగు ఇంకా అలాగే ఉంది. కోటులో మిగిలినదాన్ని చూసి తాసియో టోపీ తీసేశాడు. రోసెండా ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కోటు మెడ దగ్గర అంచు చూసింది. చిరిగితే తనే అతికిన కుట్టు. గొలుసుకుట్టు. అన్నే.

పక్కన, ఎండుటాకుల్లో, తుపాకీ గుళ్ళ పాత ఇనపడబ్బా ఒకటి ఉంది. మూత రబ్బరుతో బిగిసి ఉంది. తెరిస్తే లోపల చుక్క తడి లేదు. ప్లాస్టిక్ సంచిలో చిన్న పుస్తకం, పెన్సిలు, అతని జీపీఎస్.

ఆమె తన దాంట్లోంచి రెండు బ్యాటరీలూ తీసి అతని దాంట్లో వేసింది. తెర వెలిగింది. అతను దాచుకున్న చోటు, అవే రెండు వరసల అంకెలు. కిందన చిన్న అక్షరాల్లో ఒక మాట: లూజోన్ 1911. హెర్మో కొట్లో అంకెలు కొడుతున్నప్పుడు తన జీపీఎస్ మీద కూడా ఆ మాటే చూసింది, కంపెనీ పేరేమో అనుకుంది.

ఎప్పుడో ఒక ఆదివారం అన్నం దగ్గర అన్న చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పాత పటాలకి లూజోన్ 1911 అని ఒక లెక్క, ఉపగ్రహాలకి ఇంకో లెక్క. అవే అంకెలు ఆ లెక్కలో ఒకచోట పడతాయి, ఈ లెక్కలో రెండొందల మీటర్లు పక్కన పడతాయి. ఆఫీసులో మాది పాత లెక్కే కుటింగ్, డబ్బాలాటకి వచ్చేటప్పుడు గుర్తుపెట్టుకుని మార్చుకోవాలి, అన్నాడు. ఆమె ఆవలించి ఇంకాస్త పులుసు వడ్డించింది. ఆ వారం అతను ఆఫీసు పని ముగించుకుని నేరుగా కొండెక్కాడు. మార్చలేదు. వెతకడానికి వచ్చినవాళ్ళంతా ఆ అంకెలని ఉపగ్రహాల లెక్కలో ఉండే ఫోన్లలో కొట్టారు. పటాలాయన సెట్టింగు మార్చి ఇస్తానని హెర్మో పావుగంట కూర్చోమంటే కూర్చుని ఉంటే, తనూ ఇవాళ ఆ ఫెర్న్ మొక్కల్లోనే నిలబడి వెనక్కి పోయేది.

"మామా" అంది. "అది అన్నే. ఆ రోజు పిలిచింది అన్నయ్యే."

తాసియో బండకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు. తన అరచేయి తనే చూసుకున్నాడు. "నేనే మూశాను కదే నీ నోరు" అన్నాడు. ముసలాడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రోసెండా పుస్తకం తెరిచింది. డబ్బా దొరికినవాళ్ళు పేర్లు రాయాల్సిన మొదటి పేజీలో పెన్సిలుతో అన్న చేతిరాత.

'రెండో రోజు. నీళ్ళున్నాయి. అంకెలు పంపాను. వస్తారు.'

'మూడో రోజు. పైన మనుషులు! కుటింగ్ గొంతు. పలికాను. అందరూ ఒక్కసారి ఆగిపోయారు. తరవాత అడుగులు దూరంగా పోయాయి.'

'మూడో రోజే. దయ్యమనుకున్నట్టున్నారు. పైన ఉంటే నేనూ అంతే అనుకునేవాణ్ణి. కుటింగ్‌ని ఎవరూ ఏమీ అనకండి.'

'నాలుగో రోజు. మళ్ళీ వస్తారు. అంకె తప్పదు కదా.'

ఆ కింద 'ఐదో రోజు' అని మాత్రమే ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు.

ఆమె పెన్సిలు తీసుకుంది. ఆ కింద తన పేరు రాసింది. రోసెండా అని రాసి, కొట్టేసి, కుటింగ్ అని రాసింది. తేదీ వేసింది. కొవ్వొత్తి తీసి బండ కింద గాలి తగలని చోట నిలబెట్టి వెలిగించింది. తాసియో తడబడుతూ ప్రార్థన మొదలుపెట్టాడు.

సగంలో ఆగిపోయాడు.

పైనుంచి పిలుస్తున్నారు. చాలామంది. మగగొంతులు, కలిసీ కలవకుండా, "క్రిసాంతో-ఓ-ఓ!" అని. ఆ గొంతుల్లో ఒకటి తాసియోది. తాసియో మాత్రం ఆమె పక్కనే, నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. అన్నిటికీ పైన ఒక ఆడగొంతు, బొంగురుపోయి, "అన్నయ్యా! అన్నయ్యా!" అంటోంది. తన గొంతు తనకి తెలియదా ఎవరికైనా?

"పలక్కు" అన్నాడు తాసియో. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఈసారి అతని చెయ్యి పైకి లేవలేదు.

రోసెండా లేచి నిలబడింది. చొక్కా గుండీలు విప్పి, తాసియో అక్కడున్నాడని కూడా చూసుకోకుండా, సరిగ్గా తిప్పి తొడుక్కుంది. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, రెండేళ్ళ ఊపిరి అంతా కూడగట్టి అరిచింది.

"కుటింగ్! ఇక్కడ! దిగి రా!"

పైన గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"పోవద్దే! మనిషినే నేను! దిగి రావే!"

ఎవరూ పలకలేదు. కొంతసేపటికి చొక్కాలు విప్పి తిరగేస్తున్న సవ్వడి, ఒకటి తరవాత ఒకటి, మెల్లగా వినబడింది. ఆ తరవాత అడుగులు, తొందర తొందరగా, దూరంగా పోయాయి.